తడిగుడ్డ కింద గింజ

ఆ ఆదివారం పొద్దున స్టోర్‌కీపరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగుతూ పుస్తకంలో మిగిలిన కాసిని పేజీలూ చదివెయ్యాలి. ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. సాయంత్రం పుస్తకాల బృందం సమావేశంలో చివరి అధ్యాయం గురించి గంభీరంగా మాట్లాడాలి. ఆ పుస్తకం రాసిన శాస్త్రవేత్త సమావేశానికి స్వయంగా వస్తోంది. "చివరి అధ్యాయం మీద మీరే మాట్లాడాలి" అని బృందాన్ని నడిపే రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ ఆయనకే అప్పగించింది.

ఆయన పనిచేసేది ఆస్పత్రి మందుల స్టోరులో. అక్కడ ఆయన్ని దూది ఉందా అని అడుగుతారు, సూదులు వచ్చాయా అని అడుగుతారు. ఇంట్లో తాళంచెవులు ఎక్కడ పెట్టారని అడుగుతారు. 'మీరేమనుకుంటున్నారు' అని అడిగే దిక్కు ఈ లోకంలో ఆ బృందం ఒక్కటే. ఆ మాట కోసం ఆయన నెలంతా ఎదురుచూస్తాడు. ఉన్న ఒక్క పుస్తకం చేతులు మారుతూ అందరికీ అందాలి కాబట్టి, పేజీ పోగొట్టినవారు బృందం నుంచి తప్పుకోవాలని నియమం పెట్టించిన మహానుభావుడు కూడా ఆయనే.

ఈసారి తిరుగుతున్నది ఒక వృక్షశాస్త్రవేత్త ఆత్మకథ. పాడుబడ్డ ఇంటి గోడలో దొరికిన పాతకాలపు గింజను మొలకెత్తించడానికి ఆవిడ పడిన పాట్లన్నీ అందులో ఉన్నాయి. స్టోర్‌కీపరుకు ఆ గింజ మీద సొంతబిడ్డ మీద ఉన్నంత బెంగ పట్టుకుంది. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆఖరి పేజీకి వచ్చాడు. "పొద్దున్నే వెళ్లి తడిగుడ్డ పైకెత్తి చూశాను. ఆ గింజ" అని ఉంది. చివర చుక్క కూడా లేదు. పేజీ తిప్పితే అట్ట.

కట్టు ఊడి పేజీలు రాలిపోయి ఉండాలి. ముందు చదివినవాళ్లెవరూ ఏమీ అనలేదు కాబట్టి, రాలితే తన ఇంట్లోనే రాలి ఉండాలి. పరుపు ఎత్తాడు, పాత పేపర్లు తిరగేశాడు, బీరువా కింద పడుకుని టార్చి వేశాడు.

"ఏం వెతుకుతున్నారండీ?" అని అడిగింది భార్య.

"కాగితాలు."

"మొన్న వాషింగ్ మెషీన్ ఊగిపోతుంటే కాలి కింద ఏవో మడిచి పెట్టాను. అవి కావు కదా?"

"అందులో ఏముందో చదివావా?"

"మెషీన్ కింద పెట్టే కాగితం చదువుతూ కూర్చుంటారా ఎవరైనా!"

స్టోర్‌కీపరు మెషీన్ను రెండు చేతులా పట్టి ఒక్క లాగు లాగాడు. మెషీన్ కదలలేదు గానీ వెనకాల పైపు ఊడివచ్చింది. నీళ్లు గోడంత ఎత్తున లేచాయి. మొగుడూ పెళ్లాం తడిసి ముద్దయ్యాక కుళాయి దొరికింది. కాలి కింది కాగితం ఆ మెషీన్‌ గ్యారంటీ కార్డే. ఈలోగా నీళ్లు కింది వాటాలోకి దిగాయి. కింది వాటాలో పళ్లడాక్టరు ఉంటాడు. ఆయనా బృందంలో సభ్యుడే, పుస్తకం మొదట వెళ్లింది ఆయన దగ్గరికే. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మెట్లెక్కి వచ్చాడు.

"ఏంటి స్టోర్‌కీపరుగారూ ఇది! మా పడకగదిలో వాన కురుస్తోంది!"

"క్షమించండి అన్నయ్యగారూ, పైపు ఊడింది" అంది ఇల్లాలు.

స్టోర్‌కీపరు బుర్రకు ఆ నీళ్లలోనే ఉపాయం తట్టింది. "అది సరే డాక్టరుగారూ, ఆ పుస్తకం ముగింపు మీకెలా అనిపించింది?"

డాక్టరు కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆయన కాసేపు గుమ్మం వైపు చూశాడు. "ముగింపా? అబ్బో! గింజ కుళ్లిపోయాక మనసు విరిగి, ప్రయోగాలు మానేసి, ఆవిడ పెళ్లి చేసుకోవడం ఉందే... అద్భుతం! వస్తానమ్మా చెల్లెమ్మా" అంటూ చరచరా దిగిపోయాడు. పడకగది సంగతి మళ్లీ ఎత్తలేదు.

స్టోర్‌కీపరు నిలువునా నీరుకారిపోయాడు. ఆవిడ పెళ్లి రెండో అధ్యాయంలోనే అయిపోయింది కదా! అంటే ఇది రెండో పెళ్లి అన్నమాట. ఆ మొదటి భర్త ఎంత మంచివాడు! ఆయన మీద జాలితో కళ్లు చెమర్చాయి. కానీ డాక్టరు ఒక్కడి మాట చాలదు. పుస్తకాన్ని తనకు అందించిన ఫోటోగ్రాఫరుకు ఫోను చేశాడు.

"తమ్ముడూ, ఊరికే అడుగుతున్నా. చివర్లో ఆ గింజ..."

అవతలి నుంచి రెండుసార్లు దగ్గు వినిపించింది. తర్వాత ఫోటోగ్రాఫరు ఊపందుకున్నాడు. "మొలిచింది కదన్నా! మొలిచి చెట్టయింది, తెల్లటి పూలు విరగబూసింది! ఆ చెట్టు కింద నిలబడి ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఏడుపు ఆగలేదు. ఉంటానన్నా, కస్టమర్లు వచ్చారు."

అనుమానానికి తావు లేదు. వాళ్లిద్దరూ చదివినప్పుడు పేజీలున్నాయి, పోయింది తన దగ్గరే. స్టోర్‌కీపరు భోజనం మానేసి కూర్చుని, విన్నవన్నీ అతుకులు వేసి ఉపన్యాసం తయారుచేశాడు. మొదటి గింజ కుళ్లింది, ఆవిడ రెండో పెళ్లి చేసుకుంది, కొత్త భర్త అడుగుపెట్టిన వేళావిశేషం వల్ల రెండో గింజ మొలిచి పూసింది. చదువుకుంటే ఆయనకే సిగ్గేసింది.

సాయంత్రం హెడ్మిస్ట్రెస్ ఇంటి ముందుగది నిండిపోయింది. శాస్త్రవేత్త బక్కపలచని మనిషి, గుడ్డసంచి పక్క కుర్చీ మీద పెట్టుకుని నిటారుగా కూర్చుంది. "కంటి ఆపరేషన్ వల్ల నేనింకా చదవలేకపోయాను. మీరు చెబితే వినాలని ఉంది" అంది హెడ్మిస్ట్రెస్. ముందుగా డాక్టర్ని లేపింది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అన్నిటికంటే నన్ను కదిలించింది చివర్లో ఆ పెళ్లి."

"ఎవరి పెళ్లి?" అంది శాస్త్రవేత్త.

"అంటే... మీదేనండీ."

ఫోటోగ్రాఫరు ఆదుకోబోయాడు. "డాక్టరుగారి ఉద్దేశం, ఆ చెట్టు పూసినప్పుడు..."

"ఏ చెట్టు బాబూ?"

"ఆ అధ్యాయాన్ని క్షుణ్ణంగా చదివింది మా స్టోర్‌కీపరన్నండీ" అనేసి ఫోటోగ్రాఫరు కూర్చున్నాడు.

స్టోర్‌కీపరు లేచాడు. ఎదురుగా ఆవిడ ముఖం చూశాక, ఆ ముఖానికి మరో పెళ్లి చెయ్యడం ఆయన వల్ల కాలేదు. ఉపన్యాసం రాసిన కాగితం జేబులో కుక్కేశాడు.

"అమ్మా, నేను ముగింపు చదవలేదు. చివరి పేజీలు నా దగ్గర పోయాయి. నేను పెట్టించిన నియమమే, నేనే తప్పుకుంటాను. ఇక ఈ గదిలోకి రానని తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటోంది. కానీ వెళ్లేముందు ఒక్కమాట చెప్పండి. ఆ గింజ మొలిచిందా?"

శాస్త్రవేత్త పుస్తకం అందుకుని ఆఖరి పేజీ తీసింది. ఆ సగం వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇందులోంచి ఏమీ పోలేదండీ. పుస్తకం ఇంతే. నేను చెబుతుంటే మావారు రాసేవారు. గింజ కుళ్లిపోయిందని చెప్పాను. ఆ మాట రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. 'రేపు రాద్దాంలే' అని పెన్ను పక్కన పెట్టారు. మర్నాడు ఇక లేవలేదు. మిగతాది ఇంకొకరి చేత రాయించబుద్ధి కాలేదు, అక్కడికే అచ్చు వేయించాను."

తనూ పేజీలు పోగొట్టాననుకుని స్టూడియో అంతా తలకిందులు చేశానని ఫోటోగ్రాఫరు నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు. స్టోర్‌కీపరు మాత్రం ముఖం దాచుకోకుండానే ఏడ్చాడు. ఆ ఏడుపు మొలవని గింజ కోసమో, రాయలేకపోయిన ఆ భర్త కోసమో ఆయనకే తెలియలేదు.

"బాగుందని చాలామంది అన్నారు. గింజ ఏమైందని ఇన్నాళ్లకు మీరొక్కరే అడిగారు" అంది శాస్త్రవేత్త. తన పక్క కుర్చీ మీది సంచి తీసి కింద పెట్టింది. "ఇలా వచ్చి కూర్చోండి. ఎందుకు మొలవలేదో నాకు కొన్ని అనుమానాలున్నాయి. మీరేమనుకుంటారో చెప్పండి."

మొదటి అధ్యాయం దాటకుండానే ఆవిడకు రెండో పెళ్లి చేసిన డాక్టరు అప్పటికే వంటింట్లో అందరి కాఫీ గ్లాసులూ కడుగుతున్నాడు.