కళ్ళు తెరిచిన సైన్యం

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నెపోలియన్‌ని గెలిపించి తీరాలని, రాజమండ్రిలో రిటైరైన చరిత్ర లెక్చరర్ జగన్నాథరావు పొద్దున్నే కాఫీ తాగుతూ తీర్మానించుకున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆ యుద్ధాలను పాఠం చెప్పిన మనిషి. అవే యుద్ధాలను బల్లమీద అంగుళం ఎత్తు సీసపు సైనికులతో, పాచికలు వేసి ఆడితే మూడుసార్లు ఓడిపోయారు. అదీ ఎవరి చేతిలో? రొయ్యలకు తెగులొచ్చి, చెరువులు ఎండగట్టి, పొద్దుపోక ఇంగ్లీషు సైన్యం కొనుక్కున్న భీమవరం శ్రీనివాసరాజు చేతిలో! నాలుగోసారీ ఓడితే పాత విద్యార్థులకు మొహం చూపించలేరు.

మూడో ఓటమప్పుడే నింద పాత సైన్యం మీద వేసి, దాన్ని అమ్మేసి, ఇంగ్లండు నుంచి అరవై మందిని తెప్పించారు. వాళ్ళ కోట్లకు నీలం రంగు వేశారు. కాళ్ళకింద గోదావరి ఇసుక అంటించి, రంపపు పొట్టుకు పచ్చరంగు కలిపి గడ్డి మొలిపించారు. మిగిలింది కళ్ళే. రంగు పూర్తికాని సైనికుడు బల్ల ఎక్కకూడదన్నది ఇద్దరూ పెట్టుకున్న నియమం. లెక్చరర్ గారికి చెయ్యి వణుకు. ఆయన దిద్దిన మొదటివాడికి కన్ను గడ్డంమీద పడింది. అందుకని ఆ పొద్దున గుడి వాహనాలకు కళ్ళు దిద్దే వీరబ్రహ్మాన్ని పిలిపించారు.

"దిద్దుతానండి. కానీ కన్ను తెరిపించడమంటే ప్రాణం పొయ్యడవేనండి. దీపం, కొబ్బరికాయ, అద్దం కావాలండి."

"బొమ్మలయ్యా అవి!"

"కళ్ళు పెట్టేదాకా బొమ్మలేనండి."

టైము లేదు. సరేనన్నారు జగన్నాథరావు.

ఆయన భార్య సూర్యకళ దీపం వెలిగించింది. వీరబ్రహ్మం ఒక్కొక్కడికీ కన్ను దిద్ది, తొలిచూపుకి అద్దం చూపించాడు. తర్వాత నైవేద్యం పెట్టాలన్నాడు. సూర్యకళ దద్దోజనం కలిపింది. కొబ్బరికాయ చప్పుడు విని పక్కింటి చిట్టెమ్మ, ఆమె వెనకాల వీధిలో ఆడవాళ్ళూ వచ్చారు. జగన్నాథరావు సేనాపతిని అందుకోబోతే సూర్యకళ కసిరింది.

"స్నానం చెయ్యకుండా ముట్టుకుంటారేంటండీ!"

ఆయన నాలుగు చెంబులు పోసుకొచ్చేసరికి సైన్యం మొత్తానికి పసుపూ కుంకుమా పడ్డాయి. ఫిరంగి గొట్టంలో అగరొత్తి వెలుగుతోంది.

మూడింటికి రాజు వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, సంగతంతా విని, చేతులు జోడించాడు.

"గురువుగారండీ, దేవుళ్ళమీద ఫిరంగులు పేల్చమంటారా? నావల్ల కాదండి. నేనే ఓడిపోయానండి."

జగన్నాథరావు ఉబ్బితబ్బిబ్బయ్యారు. అందరి ముందూ ఆ మాట మళ్ళీ అనిపించుకున్నారు. దద్దోజనం స్వయంగా మారు వడ్డించారు.

రాజు చెయ్యి కడుక్కుని, భక్తిగా అడిగాడు. "వీరబ్రహ్మంగారూ, మట్టి వినాయకుణ్ణయినా పూజయ్యాక ఇంట్లో ఉంచుకోం కదండీ. మరి వీళ్ళో?"

"ఉంచకూడదండి. గోదాట్లో నిమజ్జనం చేసెయ్యాలండి."

"జీపు తెచ్చానండి. పదండి."

"ఇంగ్లండు నుంచి తెప్పించినవయ్యా!" అన్న లెక్చరర్ గారి కేక హారతిపాటలో కలిసిపోయింది. సాయంత్రం కోటిలింగాల రేవులో సూర్యకళ పళ్ళెం వంచింది. అరవై మందీ కళ్ళు తెరుచుకునే మునిగారు.

"వచ్చే ఆదివారం మళ్ళీ ఆడదావండి గురువుగారూ," అన్నాడు రాజు జీపెక్కుతూ. "సైన్యంతో సిద్ధంగా ఉండండి."

గెలిచినవాడికి సైన్యం మిగలాలన్న సంగతి జగన్నాథరావు ముప్ఫై ఏళ్ళలో ఏ క్లాసులోనూ చెప్పలేదు.