ఎర్రబారిన బావి కేసు

"నా కళ్ళుగప్పే నేరస్థుడు ఇంక పుట్టలేదు ప్రియా," అని ప్రకటించాడు తనను తాను డిటెక్టివ్‌ననుకునే మహేశ్వర్, చొక్కా తిరగేసి తొడుక్కుంటూ.

పెళ్ళై నెలైనా కాని ప్రియకు అదీ ముద్దుగానే ఉంది. ముద్దుగా లేనిదల్లా పెరటి బావి. గద్వాల పొలిమేరలోని ఆ నేతవాళ్ళింట్లో రంగులద్దిన నూలు ఆ నీళ్ళలోనే జాడిస్తారు. ఇప్పుడా నీళ్ళు కంపు. నూలు కూడా కంపే. వాసన పోయేదాకా మగ్గం ఆపమని, నేత పనిచ్చే సావుకారి నూలంతా తిప్పి పంపాడు.

"ఎనకున్న బర్రెల ఫారమోళ్ళ పనే," అంది అత్త చంద్రకళ. "పేడ కడిగిన నీళ్ళు గుంతల నింపుతున్రు. అవే బావిలకు దిగుతున్నయ్."

"అంత అల్కటి కేసు నా దాకా రాదమ్మా. ఇది విషప్రయోగం. మన నేత మీద అంతర్జాతీయ కుట్ర."

"బర్రెలు జేస్తున్నయా కుట్ర?" అంది ప్రియ.

"అనుమానితుల్ల అవి గూడ ఉన్నయ్."

చంద్రకళ ఫిర్యాదు మీద కాలుష్య మండలి అధికారి షాహెదా మర్నాడు రానుంది. గుంత అడుగున సిమెంటు వేయించాననీ, చుక్క కూడా ఇంకదనీ ఫారం యజమాని గోవిందు ఊరంతా చెప్పుకుంటున్నాడు.

ఆ సాయంత్రం తల్లి తెమ్మన్న ఎర్రరంగు పొడి డబ్బాతో వస్తూ, మహేశ్వర్ రహస్య నిఘా కోసం ఫారం గోడెక్కాడు. ఒక బర్రె తలెత్తి చూసింది. అంతే, డబ్బాతో సహా గుంతలో పడ్డాడు.

"ఏందిది?" అతను ఇంటికి రాగానే ముక్కు మూసుకుంది ప్రియ.

"మారువేషం."

ఆమె నవ్వాపుకోలేక, చెంబు కూడా సరిగా పట్టుకోలేక, నీళ్ళు పోసింది.

తెల్లారి బావిలోంచి ఎర్రటి నీళ్ళొచ్చాయి.

"ఎవరూ ముట్టొద్దు. రక్తం. హత్య జరిగింది," అన్నాడు మహేశ్వర్ గంభీరంగా. అప్పుడే షాహెదా, గోవిందు పెరట్లోకి వచ్చారు.

చంద్రకళ నూలుపోగు ఒకటి నీళ్ళలో ముంచి చూసింది. "రక్తం గాదు, నా రంగు. డబ్బా యాడ బెట్టినవ్‌రా?"

"పోయింది. అది వేరే కేసు."

"గుంతల పడ్డప్పుడు చేతిలనే ఉండె గద?" అంది ప్రియ.

డిటెక్టివ్ జేబులు తడుముకున్నాడు. "...ఉండె."

షాహెదా గోవిందు వైపు తిరిగింది. "చుక్క గూడ ఇంకదంటిరి?"

గోవిందు తన చెప్పులను పరీక్షగా చూసుకున్నాడు. ఆమె సీసాల్లో నీళ్ళు పట్టుకుంది. గుంత వెంటనే ఖాళీ చేయాలనీ, బావి బాగయ్యేదాకా ఈ ఇంటికి ట్యాంకరు నీళ్ళు పంపాలనీ గోవిందుకు నోటీసిచ్చింది.

"రంగు కలిపి చూడాలని ఎట్ల తోచింది సార్?" అంది పోతూ పోతూ, నవ్వు దాచుకుంటూ.

"వృత్తి రహస్యం మేడం."

ట్యాంకరు నీళ్ళలో జాడించిన నూలును చంద్రకళ వాసన చూసి, కోడలి ముక్కు దగ్గర పెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాసన లేదు.

నూలు ఆరాక ఆమె మగ్గమెక్కింది. ఇన్నాళ్ళుగా ఇంట్లో వినబడని టకటకలు మొదలయ్యాయి.

మహేశ్వర్ ఉలిక్కిపడి లేచాడు. "ప్రియా, కదలకు. ఎవరో తలుపు కొడుతున్రు."