సత్యదుర్గారావు గారి ద్రాక్షాసవ గోష్ఠి

“వైన్ అనేది మద్యం కాదండీ. అది నాగరికత!”

అమలాపురం కొబ్బరి వ్యాపారుల్లో పేరున్న సత్యదుర్గారావు గారు ఈ మాట మొదటిసారి సెలవిచ్చినప్పుడు, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నేనూ, పళ్ళ డాక్టరు భాస్కర్ గారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాగరికత మా ఊరికి సీసాలో వస్తుందని మేం కలలోనైనా అనుకోలేదు మరి!

మా ఊళ్ళో వైన్ షాపులకు కొదవ లేదు. వాటిలో దొరకనిది ఒక్క వైనే. ఆ వెలితి పూడ్చే భారం సత్యదుర్గారావు గారి మీద పడింది. కిందటేడు ఆయన భార్య కామాక్షి గారితో కలిసి యూరప్ ప్యాకేజీ టూరుకు వెళ్ళారు. ఫ్రాన్సులో ఒక ద్రాక్షతోట దగ్గర బస్సు ఆపారట. తక్కినవాళ్ళంతా కాళ్ళు సాగదీసుకోవడానికి దిగితే ఈయన జ్ఞానోదయం కోసం దిగారు. తిరిగొచ్చేటప్పుడు చొక్కాల్లో చుట్టి సీసాలు తెచ్చారు. అవి అయిపోయాక కూడా విదేశాల నుంచి ఊరికొచ్చే ప్రతివాడూ ఆయనకు ఒక సీసా తేక తప్పేది కాదు.

అలా వెలిసింది మా ‘ద్రాక్షాసవ గోష్ఠి’. పేరు పెట్టింది నేనే. ఆసవం అనగానే ఆయుర్వేదం వాసన కొడుతుంది కాబట్టి ఇళ్ళల్లో అనుమతులు సులువుగా దొరికాయి.

నెలకో ఆదివారం సాయంత్రం ఆయనింట్లో భోజనం. దానికి నియమాలున్నాయి. గ్లాసును కాడ దగ్గరే పట్టుకోవాలి. గుండ్రంగా తిప్పాలి. ముక్కు లోపల పెట్టాలి. ఒక గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, పైకప్పుకేసి చూడాలి. అప్పుడొక మాట చెప్పాలి. మొదటి రోజు నేను “బాగుందండి” అన్నాను.

“బాగుందనడానికి ఇదేమన్నా పెసరట్టా మాస్టారూ!” అని ఆయన నొచ్చుకున్నారు. “దీంట్లో మీకేం కనపడుతోందో చెప్పండి.”

నాకు కనపడుతున్నవి గ్లాసు అవతలున్న నా వేళ్ళు. అయినా ధైర్యం చేసి, “తొలకరికి తడిసిన నేల” అన్నాను. సభ పులకించింది. ఇన్నేళ్ళు కవిత్వం పాఠం చెప్పినవాడికి ఆమాత్రం అబద్ధం రాదా! భాస్కర్ గారికి మాత్రం ఏ దేశపు వైన్ తాగినా లవంగమే తగిలేది. పళ్ళ డాక్టరు కదా, తప్పు పట్టడానికి వీల్లేదు.

మేం ముగ్గురం హాల్లో ఆస్వాదిస్తూ ఉంటే, కామాక్షి గారూ, మా ఆవిడ మాధురీ, భాస్కర్ గారి భార్య కుసుమా వంటింట్లో ఉండేవారు. వండటం, వడ్డించడం వాళ్ళ వంతు. ఆస్వాదించడం మా వంతు. ఏ బాధ్యతా ఒక్కరి మీదే పడకూడదన్నది మా సిద్ధాంతం.

ఒక్క చిక్కొచ్చింది. “కామాక్షీ, పులుసులో కారం తగ్గించు. కారం నాలుకని చంపేస్తుంది” అన్నారు సత్యదుర్గారావు గారు. చందువ చేపల పులుసుతో రెండు వైపుల చుట్టాలనీ గెలుచుకున్న మనిషిని కారం తగ్గించమనడం, సన్నాయి వాయించేవాణ్ణి గాలి తగ్గించి ఊదమనడమే! ఆవిడ తగ్గించారు. తరవాతి నెల చింతపండు తగ్గించమన్నారు. అదీ తగ్గించారు. ఎండాకాలం వచ్చేసరికి ఆ ఇంటి పులుసు బాలింత పథ్యంలా తయారైంది. మేం దానికీ పైకప్పుకేసి చూసి తలలూపాం.

ఇంతలో గోష్ఠికి ఏడాది నిండింది. ఆ సందర్భానికని సత్యదుర్గారావు గారు తన దగ్గరున్న వాటిలో మహారాజు లాంటి సీసాను బయటికి తీశారు. ఎర్రటిది, పన్నెండేళ్ళ నాటిది. వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడాలని ఇన్నాళ్ళూ దాన్ని హాల్లో అద్దాల బీరువాలో, లైటు కింద, నిటారుగా నిలబెట్టారు. మా కోనసీమ ఎండలన్నీ అది నిలబడే భరించింది. ఎండిపోయిన బిరడా, తీస్తుంటేనే పొడిపొడిగా రాలింది.

“కాసేపు దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వాలి” అన్నారాయన. అది పీల్చుకుంటున్నంతసేపూ మేం బిగబట్టుకుని కూర్చున్నాం.

గుక్క నోట్లో పడగానే నా దవడలు రెండూ ఒకదాన్నొకటి కౌగలించుకున్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఎలా ఉంది మాస్టారూ?”

“ఒక... తీక్షణత ఉందండి. ప్రౌఢమైన తీక్షణత!”

“లవంగం” అన్నారు భాస్కర్ గారు, మంచినీళ్ళ కోసం వెతుక్కుంటూ.

సత్యదుర్గారావు గారు వీరుడిలా మింగి, కళ్ళు తుడుచుకున్నారు. “పన్నెండేళ్ళ తపస్సండీ ఇది! అసలు యూరప్‌లో చూడాలి. మొగుడూ పెళ్ళాం, అత్తా కోడలూ, అంతా ఒక్క బల్ల దగ్గర కూచుని పుచ్చుకుంటారు. దాపరికం లేదు, తేడా లేదు. అదీ సంస్కారమంటే! మనవాళ్ళెప్పుడు నేర్చుకుంటారో!”

అప్పుడే పులుసు గిన్నెతో వచ్చిన కామాక్షి గారు ఆ గిన్నెను బల్ల మీద పెట్టారు. పక్కనున్న స్టీలు గ్లాసు తీసుకుని ముందుకు చాపారు.

“అయితే నాకూ కొంచెం పొయ్యండి.”

“ఏంటది?”

“అదేనండి. సంస్కారం.”

“నీకేమన్నా మతిపోయిందా? ఆడవాళ్ళు మందు తాగుతారా!”

చూశారా! ఏడాది పాటు నాగరికతగా, ఆసవంగా, తపస్సుగా ఉన్న ద్రవం ఒక్క స్టీలు గ్లాసును చూసి మందైపోయింది!

“మందా?” అంది మాధురి వంటింటి గుమ్మంలోంచి నాకేసి చూస్తూ. “ఆసవవని చెప్పేరు కదండీ? అయితే మాకూ పొయ్యండి.” కుసుమ కూడా గ్లాసుతో వచ్చి నిలబడింది.

సత్యదుర్గారావు గారు సాయం కోసం మా వంక చూశారు. నేను పైకప్పుకేసి చూశాను. భాస్కర్ గారు ధైర్యం కూడగట్టుకుని, “ఇది తాగితే పళ్ళకి గార పడుతుందమ్మా” అన్నారు.

“మీ పళ్ళకి పట్టలేదేం?” అంది కుసుమ.

సత్యదుర్గారావు గారికి పొయ్యక తప్పలేదు. కామాక్షి గారు గ్లాసు తిప్పలేదు. కాడ పట్టుకోవడానికి దానికి కాడే లేదు. ఒక్క గుక్క తాగి కింద పెట్టేశారు.

“ఏవండీ, ఇది పాడైపోయిందండి. పుల్లగా వెనిగర్లా ఉంది.”

“నీకేం తెలుసు వైన్ గురించి!”

“ఆ తోటలో నేనూ తాగేనండి. మీరు పీపాల పక్కన ఫొటోలు తీయించుకుంటుంటే ఆ తోటావిడ నన్ను కూచోబెట్టి పోసింది. చాలా బాగుంది. ఇలా మాత్రం లేదు.”

“మరి ఏడాది నుంచీ చెప్పలేదేం?”

“మీరడిగేరా?”

భాస్కర్ గారు తన గ్లాసును మెల్లిగా దూరంగా జరిపారు. “నాకు మొదటి గుక్కకే అలా అనిపించిందండి” అన్నారు. నాక్కూడా అలాగే అనిపించిందని ఒప్పుకున్నాను. సత్యదుర్గారావు గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

“నాకూ అనిపించిందండీ” అన్నారు చివరికి, చిన్నపిల్లాడిలా. “మీరిద్దరూ అలా మెచ్చుకుంటుంటే నా నాలుకే మొద్దుదేమో అనుకున్నాను.”

కామాక్షి గారికి నవ్వాగలేదు. నవ్వుతూనే లోపలికి వెళ్ళి, ఫ్రిజ్‌లో అట్లపిండి వెనక నుంచి ఒక తెల్ల వైన్ సీసా తెచ్చారు. తోటావిడ ఆవిడకే ఇచ్చిందట. దానితో పాటు ఇంకో గిన్నె కూడా వచ్చింది. మూత తియ్యగానే ఎర్రగా, నూనె తేలుతూ, అసలైన చందువ పులుసు ఘుమఘుమలాడింది.

“ఇదెక్కడిదే!” అన్నారాయన.

“ప్రతి నెలా మా ముగ్గురికీ వేరే వండుకుంటున్నావండి. కారం తగ్గించమంది మీ నాలుకలకి కదా!”

ఆ సాయంత్రం ఆడవాళ్ళు ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. మేం ముగ్గురం వడ్డించాం. ఆ తెల్ల వైన్ మాకూ కాస్త దక్కింది. చల్లగా, హాయిగా ఉంది. “బాగుంది” అంది మాధురి. ఇంకో మాట చెప్పమని ఎవరూ అడగలేదు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. పక్కింటి ప్లీడరు శ్రీరాములు గారు, మురిక్కాలవ సంగతి మాట్లాడదామని వచ్చారు. సత్యదుర్గారావు గారు చేతిలో అన్నం గరిటెతోనే పరిగెత్తి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. అయినా ప్లీడరు కళ్ళు లోపలున్న సీసా మీద, గ్లాసుల మీద, పగలబడి నవ్వుతున్న కుసుమ మీద పడనే పడ్డాయి.

“ఏంటండీ అది? ఆడవాళ్ళు...”

“ఆయ్, కషాయవండి!” అన్నారు సత్యదుర్గారావు గారు. “జలుబు! ముగ్గురికీ ఒకేసారి పట్టేసిందండి!”

శ్రీరాములు గారు మళ్ళీ ఒకసారి లోపలికి చూశారు. వీధికేసి చూశారు. గొంతు తగ్గించారు.

“మా ఆవిడక్కూడా చాన్నాళ్ళ నుంచి జలుబేనండి. పంపించమంటారా?”

“పంపించండి అన్నయ్యగారూ!” అన్నారు కామాక్షి గారు లోపల్నించి. “మీరూ వచ్చెయ్యండి. వడ్డించడానికి ఇక్కడ మనుషులు చాలట్లేదు!”