ఎర్రగా, పల్చగా, పట్టులా

శనివారం పెసరట్లు తిని, ఆపైన కొత్త కర్టెన్లు కొనడానికి వెళ్లాలని సుధామయి అనుకుంది. కెనడాలోని విక్టోరియాలో ఫిబ్రవరి ఎండ దొరకడమే గొప్ప. ఆ ఉదయం అదీ దొరికింది. అట్టు తిరగేస్తుండగా బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్న భర్త వంశీధర్ గొంతు గుసగుసగా వినిపించింది.

"ఎర్రగా, పల్చగా, పట్టులా మెరుస్తుందట హేమచంద్ర గారూ! నెలల తరబడి దాని కోసమే తిరుగుతున్నా. ఇవాళ క్లోవర్ పాయింట్ దగ్గర దొరికేట్టుంది. మా ఆవిడకి తెలిస్తే మాత్రం ఇంట్లోకి రానివ్వదు."

అట్టు మాడింది. "వాకింగ్‌కెళ్లొస్తా" అంటూ వంశీధర్ టిఫినైనా తినకుండా బయల్దేరాడు. వాకింగ్‌కి సంచిలో తువ్వాలెందుకు?

సుధామయి పై ఫ్లాటు పద్మినికి ఫోన్ చేసి ఏడ్చింది. "పట్టుచీర కూడా కొనిచ్చాట్టండీ" అని పద్మిని తన భర్త అమరేశ్వరరావుకి చెప్పింది. ఆయన తెలుగు సంఘం అధ్యక్షుడు. "ఇంట్లోకే తెస్తానంటున్నాడా! సంఘం పరువేం కావాలి?" అంటూ ఆడవాళ్లిద్దరినీ ఎక్కించుకుని కారు తీశాడు. దారి పొడుగునా ఏకపత్నీవ్రతం మీద ఉపన్యాసమే. సుధామయి బుర్రలో మాత్రం ఒకటే అనుమానం: తనకన్నా పల్చగా ఉంటుందా?

క్లోవర్ పాయింట్ తీరంలో వంశీధర్ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఫోన్‌లో హేమచంద్రతో అరుస్తున్నాడు. "దొరికిందండీ! ఎంత లాగినా వదలట్లేదు!"

సుధామయి చెప్పులతోనే నీళ్లలోకి దిగింది. "ఎక్కడది?"

వంశీధర్ తెల్లబోయి, కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు కాడ, తాడులా పొడుగ్గా ఉన్నదాన్ని, పైకెత్తాడు. దానికి ఎర్రటి పల్చటి రేకులు అంటుకుని ఉన్నాయి. "ఇదే! ఈ ఎర్ర నాచు కెల్ప్ మీద తప్ప ఇంకెక్కడా పెరగదు. పోయినసారి నా సేకరణలోకని నాచు తెస్తే కంపని గోల చేశావుగా, అందుకే చెప్పలా."

సుధామయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమరేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "చూశావామ్మా! నిష్ఠంటే ఇదీ. ఒక్కదాన్నే నమ్ముకుని..."

అంతలో కుక్కతో నడుస్తున్న తెల్లావిడ ఒకామె ఆగి చెయ్యి ఊపింది. "హాయ్ అమర్! ఎర్లీ టుడే? సేమ్ బెంచ్?"

పద్మిని మెల్లగా భర్త వైపు తిరిగింది. "శనివారాలు గుడి కమిటీ మీటింగన్నారు?"

"ఆవిడ... ఆవిడా మెంబరే" అన్నాడాయన. కుక్క పరుగున వచ్చి, ఆయన మీదికెగిరి, ఎన్నాళ్లనుంచో ఎరిగినట్టు మొహమంతా నాకింది.

తిరుగు దారిలో కారులో నోరు విప్పింది వంశీధర్ ఒక్కడే, అదీ నాచు గురించే.