మొతాలెబ్ కేసు గెలిచిన విధం

2009 మార్చి పద్నాలుగున మధ్యాహ్నం మొతాలెబ్ పెసరపప్పు కిచిడీ, వేయించిన వంకాయ ముక్కలు తిన్నాడు. సాయంత్రం అతణ్ణి బంగ్లాదేశ్‌లోని సొంత ఊరి ఠాణాకు తీసుకుపోయి, జనపనార మిల్లులో కార్మిక సంఘం పెట్టినందుకు అరికాళ్ల మీద కొట్టారు. ఈ రెండు సంఘటనల్లో, తర్వాత అతను పారిపోయి చేరిన హాంకాంగ్‌లోని విచారణాధికారికి ముఖ్యమైనది మొదటిది.

వెనక్కి పంపితే ఈసారి చంపేస్తారు, పంపకండి అని అతను పెట్టుకున్న దరఖాస్తును అధికారి ఎంతో ఓపికగా పరిశీలించాడు. ఏడేళ్ల ఓపిక. ఆ రోజు ఏం తిన్నావని మొదటి విచారణలో అడిగితే వంకాయ అన్నాడు. ఏడేళ్ల తర్వాత అడిగితే బంగాళాదుంప అన్నాడు. కూర విషయంలో నిలకడ లేని మనిషి దెబ్బల విషయంలో నిజం చెబుతాడా? కావాలంటే కాళ్లు చూపిస్తానన్నాడు మొతాలెబ్. విచారణ గదిలో బూట్లు విప్పడం నిబంధనలకు విరుద్ధం. దరఖాస్తు తిరస్కరించారు.

కిందటి నెల పద్నాలుగున తాము ఏ కూర తిన్నారో పాఠకులకు గుర్తుండకపోవచ్చు. కంగారు పడనక్కర్లేదు, మిమ్మల్ని ఎవరూ అడగరు. సొంత దేశం ఉండటమంటే అదే.

అప్పీలులో ముగ్గురు పెద్దలు కూర్చుని, ఆ నిర్ణయాన్ని అక్షరం అక్షరం చదివామని రాసి, సమర్థించారు. మొతాలెబ్ కూడా చదివాడు. శరణు కోరి వచ్చినవాళ్లు పని చేస్తే జైలు కనక అతనికి చదువుకు బోలెడు తీరిక. ఇరవై ఏడో పేరాలో ఇలా ఉంది: "గర్భవతి అయిన ఈ దరఖాస్తుదారు కెన్యాలోని మొంబాసాలో పుట్టింటికి వెళ్లి క్షేమంగా ఉండవచ్చు."

ఆ పేరా పట్టుకుని కోర్టుకెక్కాడు. బోనులో నిలబడితే, బెంగాలీ దుబాసీ అడగకుండానే ఒక కాగితం కప్పులో వేన్నీళ్లు పోసి పక్కన పెట్టాడు. జడ్జిగారు గొంతు సవరించుకున్నారు.

"ఈ మనిషిని కొట్టారా లేదా అన్నది ఈ న్యాయస్థానం చూడదు. కొట్టలేదన్న నిర్ణయం పద్ధతిగా జరిగిందా అన్నదే చూస్తుంది. ఒక పురుషుణ్ణి గర్భవతిగా నిర్ధారించే ముందు అతని వాదన వినకపోవడం సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం. నిర్ణయం రద్దు చేస్తున్నాను."

"గెలిచానా?" అన్నాడు మొతాలెబ్ బయటికొచ్చాక.

"గెలిచావు భాయ్! ఇక మళ్లీ మొదటి నుంచి అడుగుతారు," అన్నాడు దుబాసీ.

"నన్ను కొట్టారని నమ్మినట్టేనా?"

"ఆ మాట ఎవరూ ఎత్తలేదుగా."

"పోనీ, నా కడుపులో బిడ్డ లేదని తేలిందిగా?"

"తేలలేదు భాయ్. దానిమీద నీ వాదన వింటారు, అంతే."

ఇద్దరూ కోర్టు మెట్ల మీద పడీపడీ నవ్వారు.

నాలుగు నెలలకు కొత్త విచారణ తేదీ వచ్చింది. ముందు రోజు సాయంత్రం, అతనికి చెక్క గోడల గది అద్దెకిచ్చిన ఫుంగ్ అవ్వ ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"ఒరే మో, లిఫ్టు దగ్గర సంతకాలు పెట్టిస్తున్నారు. దొంగ శరణార్థులకి కోర్టులెందుకట, వచ్చిన దారినే పంపెయ్యాలట. భలే రాశారు."

"పెట్టావా అవ్వా?"

"పెట్టకేం? అందరికంటే ముందు నాదే."

"మరి నన్నూ పంపేస్తారుగా?"

"నీ మొహం! నువ్వు మా ఇంట్లో ఉంటున్నావు. ఇది వేరేవాళ్ల గురించి."

"నువ్వెలా వచ్చావవ్వా ఈ ఊరికి?"

"చైనా నుంచి ఈదుకుంటూ. పంతొమ్మిదేళ్లు నాకు. బంతిలోని రబ్బరు తిత్తి పొట్టకి కట్టుకుని రాత్రంతా ఈదాను. మా అన్న మధ్యలోనే ఉండిపోయాడు. తెల్లారి ఆఫీసుకెళితే పేరడిగి కార్డిచ్చారు."

"పేరొక్కటేనా?"

"ఇంకేమడుగుతారురా? తడిసి ముద్దయి ఉంటిని, కనబడట్లేదూ?"

మొతాలెబ్ మర్నాటి విచారణ కాగితాలు సంచిలో సర్దుకున్నాడు.

"ఆ రోజుల్లో వచ్చినవాళ్లు వేరులే," అంది అవ్వ, సంతకాల కాగితం జాగ్రత్తగా మడుస్తూ. "పొద్దున్నే వెళ్లాలి నువ్వు, పడుకో."

దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.