మంత్రిగారు వెలిగించిన గొంతు

"రోగుల గొంతుల్లో దాగిన చీకటిని తరిమికొట్టే మహా యంత్రాన్ని ఆరోగ్య మంత్రిగారు రేపు ప్రజలకు అంకితం చేస్తారు" అని పేపర్లో పడింది. అది చదివి మా అక్క గుండెల్లో రాయి పడింది. ఆ రేపే, ఆ యంత్రం మీదే, మా బావకి స్కాన్.

మా బావ బస్సు కండక్టరు. ఆయన "రైట్, రైట్" అన్నాడంటే రెండు స్టాపుల అవతల నిద్రపోయే కుక్కలు లేచేవి. అలాంటి గొంతుకి క్యాన్సరొచ్చింది. రేడియేషనూ మందులూ పూర్తయ్యాయి. వెంటనే స్కాన్ తీస్తే కమిలిన చోటు కూడా జబ్బులాగే కనిపిస్తుందని డాక్టరమ్మ మూడు నెలలు ఆగమన్నారు. జబ్బు పోయిందా, మిగిలిందా అన్న ఒక్క మాట కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

పెట్ స్కాన్ సంగతి డాక్టరమ్మ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు. కాస్త రేడియేషన్ చిమ్మే మందు కలిపిన చక్కెరని రక్తంలోకి ఎక్కిస్తారు. క్యాన్సరుకి ఆకలెక్కువ కాబట్టి ఆ చక్కెర తినేసి ఫొటోలో వెలుగుతుంది. వెలుగుంటే ప్రమాదం, చీకటైతే గట్టెక్కినట్టు. కాకపోతే పనిచేసే కండకీ ఆకలే. మాట్లాడితే గొంతు కండ కూడా వెలుగుతుంది. అందుకని ఇంజక్షన్ చేశాక గంటసేపు నోరు మెదపకూడదు.

ఇంజక్షన్ చేసి బావని పడుకోబెట్టారు. మంత్రిగారు వేంచేశారు. పొద్దున్నే రావలసిన మనిషి, మా బావ మౌనం మొదలయ్యేదాకా ఎంతో ఓపికపట్టి మరీ వచ్చారు.

ఆయన మనసు వెన్న. యంత్రం వైపు కన్నెత్తయినా చూడకుండా నేరుగా రోగి దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, కెమెరా వైపు తిరిగి, "ఏమయ్యా, గొంతెలా ఉంది?" అన్నారు.

బావ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

మంత్రిగారి మొహం వాడిపోయింది. ఇంత ఖర్చుపెట్టి వైద్యం చేయిస్తే మనిషి మూగవాడయ్యాడని ప్రతిపక్షం అనదా అని పీఏ గారిని అడిగారు. అనకుండా ఉంటుందా అని పీఏ గారు వణికారు. డాక్టరమ్మ అడ్డమొచ్చి ఒక్క గంట ఆగమన్నారు. ఆ గంటలో తమకి రెండు ప్రారంభోత్సవాలూ ఒక సంతాపసభా ఉన్నాయనీ, రెండు ముక్కలు మాట్లాడితే నోట్లో ముత్యాలేం రాలిపోవనీ మంత్రిగారు సెలవిచ్చారు. మా అక్క వద్దని దండం పెట్టింది. దాన్ని కూడా ఫొటో తీశారు.

చివరికి బావ గొంతు పెగల్చుకుని, "మంత్రిగారి దయవల్ల మాట్లాడుతున్నాను" అన్నాడు. మైకు ఆన్ చెయ్యలేదని మళ్ళీ అనిపించారు. 'దయ' సరిగ్గా వినబడలేదని ఇంకోసారి. కండక్టరువి కదా, వెనక సీటుదాకా వినిపించాలని పీఏ గారు ప్రోత్సహించారు. వినిపించాడు పాపం.

స్కాన్‌లో ఆయన గొంతు పెట్రోమాక్స్ లైటులా వెలిగిపోయింది. డాక్టరమ్మ తల పట్టుకున్నారు.

"ఇది జబ్బో, మంత్రిగారి దయో నేను చెప్పలేను. మళ్ళీ తియ్యాలి."

అక్క గోడకి చేరగిలబడిపోయింది. ఫొటో కోసం ఆగిన పీఏ గారొక్కరే హుషారుగా ఉన్నారు. ఇంత వెలుగు ఏ ప్రభుత్వంలో చూశామండీ అంటూ తెరని ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్ళారు. సాయంత్రానికల్లా ఆసుపత్రి గేటు మీద ఫ్లెక్సీ లేచింది. ఒకపక్క మంత్రిగారి చిరునవ్వు, ఇంకోపక్క మా బావ గొంతు. కింద "మా పాలనలో ప్రతి గొంతులోనూ వెలుగు" అని రాసుంది. మేం దాని కిందనుంచే ఇంటికెళ్ళాం.

రెండోసారి స్కాన్‌కి మా అక్క గది తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని, దేవుడొచ్చినా రానివ్వనన్నట్టు కూర్చుంది. ఎవరూ రాలేదు. ఫొటోలో బావ గొంతు అమావాస్యలా ఉంది. డాక్టరమ్మ మొదటిసారి నవ్వారు. ఏమీ లేదు, ఇక ఎంత అరుచుకుంటారో అరుచుకోండి అన్నారు. అక్క భోరుమంది. నేను ఏడవలేదంటే అబద్ధమే.

కబురు తెలిసి పీఏ గారు మైకుతో సహా పరుగెత్తుకొచ్చారు. కొత్త ఫొటో చూసి నీరుగారిపోయారు. మంత్రిగారు స్వహస్తాలతో వెలిగించినదాన్ని ఎవరిని అడిగి ఆర్పారని డాక్టరమ్మని నిలదీశారు. మెమో వస్తుందన్నారు. వెలుగు పోయినా మాటైనా మిగిలింది కదా అని తమని తాము ఓదార్చుకుని, బావ నోటి ముందు మైకు పెట్టి, మంత్రిగారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు.

బావ గొంతు సవరించుకున్నాడు. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"మళ్ళీ ఏమొచ్చింది?" అన్నారు పీఏ గారు.

"మాట్లాడకూడదండీ" అంది అక్క.

"ఎంతసేపు?"

"మీరు వెళ్ళేదాకా."

పీఏ గారు విసవిసా వెళ్ళి కారెక్కి తలుపేసుకున్నారు. అప్పుడు మా బావ వరండాలోకొచ్చి, గేటు మీది ఫ్లెక్సీ అదిరేలా అన్నాడు: "రైట్, రైట్!"