శాంతస్వభావానికి మూడు సంతకాలు

గడిచిన ఆదివారం ఉదయం, కాఫీవేళ, మా ముందుగదిలో సమావేశం. హాజరైనవారు: నేను, నా శ్రీమతి, ఆవిడ తమ్ముడు, కింది వాటాలోని దర్జీ. చర్చనీయాంశం: మా బావమరిదికి తుపాకీ లైసెన్సు.

పాఠక మహాశయులారా, ఇంటికొక తుపాకీ ఉండితీరాలన్నది నా నిశ్చితాభిప్రాయం!

మర్యాద మంటగలిసిందని వాపోయే పెద్దలు ఇన్నాళ్లూ సాధించిందేమిటి? నీతిపద్యాలు వల్లె వేయించారు. ఫలితం సున్న. అదే, పక్కింటి అలమారాలో రివాల్వరు ఉందని ఒక్కసారి తెలియనివ్వండి! మన టీవీ సౌండు దానంతట అదే తగ్గుతుంది. పార్కింగు తగాదాలు "తమరు ముందు", "అబ్బే, తమరే" అనే సరసాలుగా పరిణమిస్తాయి. గ్రంథాలయంలో సైతం కరువైన నిశ్శబ్దం వీధివీధినా వెల్లివిరుస్తుంది. నాబోటి చదువరికి ఇంకేం కావాలి?

ఎవరికి పడితే వారికి ఇచ్చేస్తారా అని మీ సందేహం. ఎంత మాట! దరఖాస్తుదారు శాంతస్వభావుడని, అతణ్ణి బాగా ఎరిగినవారు ముగ్గురు సంతకాలు చేయాలి.

మా బావమరిదిని మేము బాగానే ఎరుగుదుము. లిఫ్టు రాలేదని దాని తలుపును తన్ని, కాలికి కట్టుతో నెల్లాళ్లు కుంటుతూ తిరిగాడు. చదరంగంలో నా చేతిలో ఓడి, బల్లను కిటికీలోంచి విసిరాడు. అది కింద వాకిట్లో ఉన్న దర్జీ కుట్టుమిషను మీద పడింది.

దర్జీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "శాంతస్వభావుడు అన్నచోట... నా కళ్లజోడు కిందే ఉండిపోయింది బాబూ."

"అంటే, నాకు కోపమంటావా?" బావమరిది లేచి నిలబడ్డాడు.

దర్జీకి కళ్లజోడు లేకుండానే అక్షరాలు కనిపించాయి.

"ఒరే, బొద్దింకను చూస్తే మంచమెక్కుతావు, నీకెందుకురా తుపాకీ?" అంది శ్రీమతి.

"అందుకే కదే అక్కా."

ఆవిడా నిట్టూర్చి సంతకం చేసింది. నావంతు వచ్చింది. నేను కలం మూత తీయలేదు.

"బావగారూ, మీరు పెట్టరని కాదు. పెట్టకపోతే నేనేం చేస్తానో నాకే తెలీదు."

నా సిద్ధాంతానికి ఇంతకన్న రుజువు కావాలా? తుపాకీ ఇంకా రానేలేదు, అప్పుడే ఎంత మర్యాద! దాయాది చావు కోరును, బావమరిది బతుకు కోరును అన్న సామెతను మననం చేసుకుంటూ, "పరమ శాంతుడు" అని అదనంగా నా చేత్తోనే రాసి, సంతకం చేశాను.

అతడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, చదరంగం బల్ల పరిచాడు. ఆనాడు పోయిన ఏనుగు స్థానంలో దారపు రీలు నిలబెట్టాడు.

మూడో ఎత్తుకే నేను నా మంత్రిని అర్పించుకున్నాను.